ఊకకొట్టులో కారు

సరిహద్దు దగ్గర కస్టమ్స్ అధికారి అడిగినదానికి భీమేశ్వరరావు తడుముకోకుండా అబద్ధం చెప్పాడు.

"ఆరు నెలల్లో కారును మళ్ళీ దేశం దాటిస్తారుగా?"

"తప్పకుండానండీ. జర్మనీలో ఇంకో ఏడాది చదువుంది. ఇందులోనే తిరిగి వెళ్తాను."

ఇది 1961 నాటి మాట. చదువు సంగతి నిజమే, కారు సంగతి కాదు. ఇద్దరు స్నేహితులతో వంతులేసుకుని నడుపుతూ టర్కీ, ఇరాన్‌ల మీదుగా తెచ్చిన ఆ పాత ఫోక్స్‌వాగన్‌ను బావ కాంతారావుకు ఇచ్చేసి, తాను ఓడలో వెళ్ళిపోవాలని బయల్దేరినప్పుడే అనుకున్నాడు.

సొంతూరు గుడివాడలో ఆ కారు చుట్టూ రోజూ జనమే. పెద్దవాళ్ళు సైతం పక్క సీట్లో కూర్చుని మురిసిపోయేవారు. భీమేశ్వరరావుకు ఆ గౌరవం బాగా రుచించింది. తిరుగు ప్రయాణం వాయిదా వేస్తూ ఉండగానే ఆరు నెలల గడువు దాటిపోయింది. కస్టమ్స్‌వాళ్ళు బందరు నుంచి వచ్చి వాకబు చేస్తున్నారని తెలియగానే కారును దివిసీమకు తోలుకొచ్చి, నాగాయలంకలో బావగారి రైసుమిల్లు వెనక ఊకకొట్టులో పెట్టించాడు. దాన్ని లోపలికి నెట్టినవాడు మిల్లులో పనిచేసే ఏసోబు. ఎవరికీ చెప్పొద్దంటే చెప్పలేదు.

వారం తిరక్కుండా, ఒక మధ్యాహ్నం, ఆ ఏసోబే పరుగెత్తుకొచ్చాడు. కాంతారావు ఊళ్ళో లేడు.

"బాబుగారూ, మా రూతుకి నొప్పులండీ. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని తనవల్ల కాదు, బందరు తీసుకెళ్ళమంటంది. కారు తీస్తారాండీ?"

భీమేశ్వరరావుకు ముందుగా కళ్ళ ముందు మెదిలింది ఏసోబు భార్య రూతు కాదు, కస్టమ్స్‌వాళ్ళుండే బందరు రోడ్డు.

"కారు పాడైపోయింది ఏసోబూ. స్టార్టు కావటం లేదు."

"అట్టాగాండీ," అన్నాడు ఏసోబు. ఎడ్లబండి కోసం పరుగెత్తాడు.

అక్క సావిత్రి గుమ్మంలో నిలబడి ఉంది.

"నిన్ననేగా స్టార్టు చేసి చూశావు?"

"పట్టుకుంటే బావ పేరు కూడా బయటికొస్తుందక్కా."

"బావ పేరెందుకు తీస్తావురా! భయం నీది."

ఎడ్లబండి వీధి మలుపు తిరిగింది. లోపలినుంచి రూతు మూలుగు అరుగు దాకా వినిపించింది. అది వినబడకుండా పోయాక భీమేశ్వరరావు కొట్టులోకి వెళ్ళి కార్లో కూర్చున్నాడు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఎడ్లబండిని ఊరి పొలిమేరలోనే కలుసుకోవచ్చు. స్టీరింగు పట్టుకుని కాసేపు అలాగే ఉండి, ఇంజను ఆపేశాడు.

మర్నాడు కబురొచ్చింది. ఆ వేళకు ఊళ్ళో బస్సు లేక అవనిగడ్డ దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి బస్సు. రూతు ప్రాణం దక్కింది, బిడ్డ దక్కలేదు.

ఆ మాట వినగానే భీమేశ్వరరావు కారు బయటికి తీశాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, పులిగడ్డ దాటి బందరు చేరాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్న ఏసోబు అతన్ని చూసి గబగబా లేచి నిలబడ్డాడు.

"బాగయిందాండీ కారు? మా కోసం ఇంత దూరం వచ్చారా బాబుగారూ?"

ఆ గొంతులో కృతజ్ఞత ఉంది. దాన్ని భరించడం భీమేశ్వరరావు వల్ల కాలేదు.

"కారు నిన్న కూడా బాగానే ఉంది ఏసోబూ. నేను అబద్ధమాడాను. కస్టమ్స్‌వాళ్ళు పట్టుకుంటారని."

ఏసోబు కారు వంక చూశాడు. తర్వాత తన కాళ్ళ వంక చూసుకున్నాడు. తిడతాడేమోనని, కొట్టినా బాగుండునని ఎదురుచూశాడు భీమేశ్వరరావు.

"రూతును ఇంటికి పంపినప్పుడు నేనే దింపుతాను," అన్నాడు చివరికి.

"వద్దులెండి. బస్సుంది," అని ఏసోబు లోపలికి వెళ్ళిపోయాడు.

భీమేశ్వరరావు తిన్నగా కస్టమ్స్ ఆఫీసుకు వెళ్ళి తాళాలు బల్ల మీద పెట్టాడు. సరిహద్దులో చెప్పిన మాట మొదలు అంతా చెప్పాడు. కారు జప్తు చేశారు. పై అధికారులు పిలిచినప్పుడు రావాలన్నారు. ఊరికి బస్సులో వెళ్తుంటే గుండెల మీది బరువు దిగినట్టే అనిపించింది.

ఇంటికి రాగానే సావిత్రి ఎదురొచ్చింది.

"కారు ఇచ్చేశానక్కా. ఏసోబుకీ నిజం చెప్పేశాను."

"రూతుకెలా ఉంది?"

భీమేశ్వరరావు ఆసుపత్రి లోపలికి వెళ్ళి ఆమెను చూడలేదు. కనీసం ఏసోబును అడగనైనా లేదు.

మర్నాడు సావిత్రి క్యారియర్లో అన్నం పెట్టుకుని మొదటి బస్సుకు బందరు వెళ్ళింది. తమ్ముణ్ణి రమ్మనలేదు.