చెరువు కడుపు తిరిగిన పొద్దు

ఉత్తర కార్తెలో చెరువు రెండు నీళ్ళుగా ఉంటుంది. ఎండకు కాగినవి పైన, ఎండ చూడనివి కింద. లోపలికి దిగి నిలబడితే నడుము దగ్గర వెచ్చగా, పాదాల దగ్గర చల్లగా తగులుతాయి. ఆ రెండూ కలిసే చోట చేపలు తిరుగుతాయి. వల ఎంత లోతున దించాలో హనుమండ్లు కాళ్ళతోనే తెలుసుకునేవాడు.

ఆ పొద్దున అతను నడుము దాకా దిగాడు. నడుము నుంచి పాదం దాకా ఒకటే చలి. కాళ్ళ కింది బురదలోంచి బుడగలు లేచి, తొడలను రాసుకుంటూ పైకి వచ్చి పగులుతున్నాయి. పగిలిన చోటల్లా కుళ్ళిన గుడ్డు వాసన. మొన్నటి దాకా మాడిన ఎండ, ఆ వెంటనే ముసురు, తూర్పు గాలి. పైనీళ్ళు చల్లబడి కిందికి దిగాయి. అడుగున ఎన్నాళ్ళుగానో మురుగుతున్నది పైకి లేచింది.

దీనికి అతని తండ్రి వాడిన మాట ఒకటుంది. చెరువు కడుపు తిరిగింది అనేవాడు. హనుమండ్లు పసితనంలో ఒకసారి జరిగింది. ఊళ్ళో ఇప్పుడా మాట అనేవాళ్ళు లేరు.

తెల్లవారుతున్న కొద్దీ చేపలు కనిపించాయి. పెద్ద బొచ్చెలు, రవ్వులు మూతులు నీటిపైకి పెట్టి గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నాయి. కొన్ని అప్పటికే పక్కకు ఒరిగి తెల్లటి పొట్టలు చూపిస్తున్నాయి. ఒడ్డు వెంట మాత్రం వేలెడంత పరకలు బతికే ఉన్నాయి. గాలి పీల్చే కొర్రమట్టలకు అసలేమీ కాలేదు. విషం పడితే ముందు పరకలే పోతాయి. ఇది విషం కాదు.

అతను ఆ మాట చెప్పడానికే ఒడ్డుకు తిరిగాడు.

కట్ట మీద అప్పటికే జనం పోగయ్యారు. అంజన్న అరుస్తున్నాడు. వలలో మొదటి చేప పడకముందే లెక్క మాట్లాడే రకం, పాతికేళ్ళ వాడు.

"అరే, చాపలన్నీ ఎల్లకిల పడ్డయే! ఎవడో మందు కలిపిండు!"

పెద్దపల్లి దుకాణాల్లో పురుగుల మందు డబ్బాలు వచ్చిన కొత్త. పక్క ఊరి కుంటలో ఎవరో దాన్ని పోసి చేపలు పట్టారని ఎండాకాలమంతా చెప్పుకున్నారు. మందు అన్న మాట వినగానే నీళ్ళలో దిగబోతున్న వాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకున్నారు.

"ఎవడో ఏంది?" అన్నాడు ఇంకొకడు. "మొన్న కల్లు కాడ ఒర్రలేదా బుచ్చిరాములు గాడు? నాకు లేని చెరువు మీకు సుత లేకుంట జేస్త అన్లేదా?"

"నిన్న మాపు తూము కాడ కూసున్నడు. నేను జూసిన," అన్నాడు మరొకడు.

హనుమండ్లు నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. ఆపాలని అతను అనుకోలేదు. బుచ్చిరాములు పేరు వినగానే దవడ దానంతట అదే బిగుసుకుంది.

పోయిన ఏడు ఇదే కార్తెలో హనుమండ్లు తమ్ముడు కైలాసం, బుచ్చిరాములు ఒకే తెప్ప మీద పోయారు. వల తాడు కైలాసం కాలికి చుట్టుకుని అతన్ని నీళ్ళలోకి లాగింది. తెప్ప రెండో కొసన బుచ్చిరాములు గెడ వేస్తున్నాడు. కులం కూర్చుని అడిగితే అతను చెప్పింది ఒకటే ముక్క. "జర అటు జూసిన. ఇటు మర్రేసరికి లేడు." కులం అతన్ని చెరువు మీద వల వేయకుండా బందు పెట్టింది. అంతకుమించి ఏం చేయలేదు.

ఆ 'జర' హనుమండ్లును వదల్లేదు. అదెంతసేపో కొలిచి చూసుకునేవాడు. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి గోడ వైపు చూసేవాడు. మళ్ళీ కంచం వైపు చూసేవాడు. అన్నం మీది ఆవిరి కూడా ఆరేది కాదు. పొయ్యిలో కట్టె పెట్టి వాకిట్లోకి చూసి తిరిగేవాడు. కట్టె అంటుకునేది కూడా కాదు. జర అటు చూసినంతలో ఏదీ చావదు. మరి తమ్ముడు ఎట్లా చచ్చాడు? చూస్తూ ఉంటేనే చచ్చాడు. వాడు చూస్తూ నిలబడ్డాడు. ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా అక్కడికే వచ్చేది, వచ్చిన ప్రతిసారీ అతనికి ఒక రకమైన తృప్తి కలిగేది. ఆ తృప్తి ఏమిటో అతను ఎప్పుడూ తవ్వి చూడలేదు.

బుచ్చిరాములును ఇంట్లోంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. కట్ట ఎక్కేసరికి అతని అంగీ చినిగి మెడలో దండలా వేలాడుతోంది. చెవి దగ్గర చర్మం లేచి నెత్తురు కారుతోంది.

"గాలమేసిననే! పిల్లలకు నాలుగు పరకలు దొరుకుతయని దొంగతనంగ గాలమేసిన. మందు నాకెక్కడిది?"

"ఏదిరా నీ గాలం?"

"మీ మాటలినవడి అక్కడ్నే ఇడిసి ఉరికిన."

అంజన్న కాలితో అతని డొక్కలో తన్నాడు. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. పడ్డవాణ్ణి ఇంకొకరు తన్నారు. తర్వాత ఎవరు తన్నుతున్నారో తెలియలేదు. కాళ్ళు మాత్రమే కనిపించాయి. తడి మట్టి అంటిన, ఒకరివని చెప్పడానికి వీల్లేని కాళ్ళు.

"ఆగుండ్రిరా," అన్నాడు రాజయ్య. కులానికి పెద్ద. చూపు మందగించి కర్ర పట్టుకుని నడుస్తాడు. "సంపుకుంటే ఏమొస్తది? నీళ్ళు తాగించుండ్రి."

చెరువు మీద తగువు వస్తే వాళ్ళది అదే పద్ధతి. దోసెడు చెరువు నీళ్ళు తాగి గంగమ్మ పేరు తీయాలి. నీళ్ళు కడుపులో నిలిస్తే మాట నిజం.

బుచ్చిరాములు తనే ఒడ్డుకు పాకి, దోసిలి ముంచి గబగబా తాగాడు. "గంగమ్మ తల్లీ" అనబోయాడు. తల్లీ అనే లోపల కడుపు ఎగదన్నింది. తాగిందంతా కక్కాడు. దాంతో పాటు పసుపు రంగు నీళ్ళు, నెత్తురు జీర.

"కక్కిండు! గంగమ్మనే కక్కించింది!"

ఆ పొద్దున ఆ నీళ్ళు ఎవరు తాగినా కక్కుతారు. అది హనుమండ్లుకు తెలుసు. అతను నీళ్ళకు దగ్గరగా నిలబడి, ఒడ్డు వెంట ఆడుతున్న పరకలను చూస్తున్నాడు. ఒక్కడు కిందికి చూస్తే చాలు. ఎవరూ చూడటం లేదు.

రాజయ్య అతని వైపు తిరిగాడు. "హనుమండ్లూ, మీ బాపు నీళ్ళు ముట్టి చెప్పెటోడు. నువ్వు పొద్దుగాల దిగినవ్ గద. నువ్వు జెప్పు బిడ్డా. ఎట్లున్నయ్ నీళ్ళు?"

అందరూ అతని వైపు తిరిగారు. బుచ్చిరాములు కూడా తల ఎత్తాడు.

"వాసనైతే వస్తున్నది," అన్నాడు హనుమండ్లు.

అబద్ధం కాదది. తను అబద్ధం చెప్పలేదని అతను లోపల వెంటనే అనుకున్నాడు. అనుకోవలసి వచ్చిందనీ గమనించాడు.

తెప్ప నడిపే వెదురు గెడ ఎవరో అతని చేతిలో పెట్టారు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు కాబట్టి మొదటి హక్కు తనదన్నట్టు జనం తొలగి దారి ఇచ్చారు. అతను గెడ ఎత్తి బుచ్చిరాములు భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వెదురు గుండా అరచేతుల్లోకి వచ్చింది. కొడుతున్నది తన చేతులేనా అని చూసుకున్నాడు. మళ్ళీ కొట్టాడు.

బుచ్చిరాములు విరిగిన భుజంతోనే దగ్గరికి పాకి అతని పంచె పట్టుకున్నాడు. ఒక్కడికే వినపడేలా అన్నాడు.

"బావా, కడుపు తిరిగిందే. మీ బాపు చెప్పెటోడు గద. నీకెరుకే గద బావా."

ఈ చెరువు మీద ఆ మాట తెలిసినవాడు ఇంకొకడున్నాడు. తనలోకి ఎవరో తొంగి చూసినట్టయింది హనుమండ్లుకు. గెడను అడ్డంగా తిప్పి నోటి మీద కొట్టాడు. పెదవి చీలి పళ్ళు మట్టిలో పడ్డాయి. ఆ తర్వాత బుచ్చిరాములు ఏమన్నా మాటగా రాలేదు.

"వలల చుట్టుండ్రి వీణ్ణి," అన్నాడు అంజన్న. "నిజం కక్కేదాంక నీళ్ళల్లనే కూసుంటడు."

అతని ఇంటి నుంచే తెచ్చిన పాత వలలో అతన్ని చుట్టారు. చేతులు లోపలే ఉండిపోయాయి. తూము మెట్ల మీదికి ఈడ్చి, నీళ్ళు రొమ్ముల దాకా వచ్చే మెట్టు మీద కూర్చోబెట్టారు. కుర్రాళ్ళు కట్ట మీది నుంచి మట్టిపెళ్ళలు విసిరారు. ఒక పెళ్ళ నుదుటికి తగిలి పగిలింది. అతని తల ముందుకు వాలి, మళ్ళీ లేచింది.

అప్పుడు అతని భార్య ఐలవ్వ వచ్చింది. కట్ట కింద ఎవరో పట్టుకుని ఆపితే వాళ్ళ చెయ్యి కొరికి వచ్చింది. ఆమె మొగుడి దగ్గరికి పోలేదు. ఒడ్డున పడి ఉన్న ఒక పెద్ద రవ్వును తోక పట్టి లేపింది. కాపలా గుడిసె కప్పులోంచి పొడి గడ్డి, చితుకులు లాగి కుప్ప వేసింది.

"అగ్గిపెట్టె ఇయ్యుండ్రి."

"ఏం జేస్తున్నవే?" అన్నాడు రాజయ్య.

"కాల్చుకోని తింట. నా మొగడు మందు కలిపితే మీ ముంగటనే చస్త. చావకపోతే మీరు ఏం జవాబు చెప్తరో ఇప్పుడే అనుకోని పెట్టుకోండ్రి."

"మొగనికి తగ్గదే దొరికింది," అని ఎవడో నవ్వబోయాడు. ఎవరూ కలవలేదు. ఎవరిదో అగ్గిపెట్టె వచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడింది.

జనం ఆమె చుట్టూ చేరారు. చేప చర్మం పేలి, కొవ్వు మంటలో పడి చిటపటలాడింది. ఐలవ్వ కాలీ కాలని ముక్క చీల్చి నోట్లో పెట్టుకుంది.

"ఉమ్మెయ్ బిడ్డా," అంది దేవవ్వ అనే ముసలామె ఏడుస్తూ. "నీ పిల్లల మొకం జూడు. ఉమ్మెయ్."

ఐలవ్వ నమిలి మింగింది. నోరు తెరిచి నాలుక చూపించింది. మళ్ళీ ఒక ముక్క చీల్చింది.

అందరూ ఆమె ముఖంలోకి చూస్తున్నారు. నురగ వస్తుందా, కళ్ళు తేలేస్తుందా అని. ఆమె చావాలని కోరుకుంటున్నామని వాళ్ళకు తెలియదు. ఆమె బతికితే తాము ఏమవుతారో అన్న భయం ఒక్కొక్కరి మెడలను ముందుకు సాగదీస్తోంది. హనుమండ్లు వాళ్ళ ముఖాలను చూశాడు. చెరువులో గాలికోసం మూతులెత్తిన చేపలకూ వీళ్ళకూ తేడా కనిపించలేదు.

అతను ముందురోజు మధ్యాహ్నం తిన్నాడు. తమ్ముడు పోయిన కార్తె రావడంతో రాత్రి ముద్ద దిగలేదు. కాలిన చేప వాసన అతని ముక్కులోకి కాదు, నేరుగా కడుపులోకి పోయింది. అతను బుచ్చిరాములు గురించి ఆలోచిస్తున్నాడు. ఈమె చావదు, కాసేపట్లో అందరికీ తెలుస్తుంది, తను ఇక చెప్పనవసరం లేదు అనుకుంటున్నాడు. అట్లా అనుకుంటుంటే ఒంట్లో బిగువు సడలింది.

నోట్లో ముల్లు తగిలింది.

వేలు పెట్టి తీశాడు. చుట్టూ అంత నిశ్శబ్దం ఎందుకో అర్థం కాలేదు. తలెత్తి చూస్తే జనం ఐలవ్వ వైపు చూడటం లేదు. తన వైపు చూస్తున్నారు. అతని చేతిలో సగం కొరికిన చేప ముక్క ఉంది. వేళ్ళకు కొవ్వు, మసి అంటుకున్నాయి. ఎప్పుడు వంగాడో, ఎప్పుడు తీసుకున్నాడో తెలియదు.

"నువ్వెట్ల తింటున్నవే అన్నా?" అంది ఐలవ్వ మెల్లగా.

అతను చేతిలోని ముక్క వైపు చూశాడు.

"నేనంటే చావనీకి తిన్న. నువ్వెట్ల తింటున్నవ్? నీకు భయం గాలేదా?"

అంజన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. "నీకు ముందుగాలనే ఎరుకనా?"

"చెరువు కడుపు తిరిగింది," అన్నాడు హనుమండ్లు. బుచ్చిరాములు కక్కినట్టే వచ్చింది ఆ మాట. "మందు గాదు. పరకలు బతికే ఉన్నయ్, సూడుండ్రి. మందయితే అవే ముందుగాల పోతుండె."

"ఎప్పటి సంది ఎరుకరా నీకు?" రాజయ్య కర్ర మట్టిలో దిగబడింది.

"పొద్దుగాల దిగినప్పటి సంది."

అప్పుడు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు.

తూము మెట్ల దగ్గర వల బెండ్లు నీటి మీద పరుచుకుని కదులుతున్నాయి. వాటి నడుమ తల లేదు.

ఐలవ్వ చీరతోనే దూకింది. కుర్రాళ్ళు ఆమె వెనక దిగారు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు జారిన మనిషిని వలతో సహా పైకి లాగి కట్ట మీద వేశారు. చేతులు ఇంకా లోపలే ఉన్నాయి. వేళ్ళు వల కన్నుల్లోంచి బయటికి వచ్చి వంకర తిరిగి ఆగిపోయాయి. ఐలవ్వ అతని పొట్ట ఒత్తింది. నల్లటి నీళ్ళు వచ్చాయి. మళ్ళీ ఒత్తింది. హనుమండ్లు కొట్టిన నోరు తెరుచుకునే ఉంది, గాలికోసం తెరిచినట్టు.

ముసురు మళ్ళీ మొదలై, చేప కాల్చిన మంట మీద పడి సుయ్యిమంది.

రాజయ్య తడుముకుంటూ వచ్చి శవం దగ్గర కూలబడ్డాడు. "నాకంటె కండ్లు లేవు. గింతమంది ఉన్నరు. ఒక్కలన్న చూస్తలేరా?" కర్ర ఎత్తి హనుమండ్లు నిలబడిన వైపు చూపించాడు. "నీకైతే ఎరుకే గదరా వానిది తప్పు లేదని. నువ్వన్న చూస్తుండాలె గద. నువ్వెటు జూసినవ్రా?"

హనుమండ్లు నోట్లో చేప రుచి ఇంకా ఉంది. చెప్పడానికి వేరే మాట కోసం వెతికాడు. ఏడాది పొడుగునా తను కొలిచి, నమ్మక, పక్కన పడేసిన ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ లేదు.

"జర ఇటు జూసిన," అన్నాడు.

ఐలవ్వ ఏడుపు ఆపి లేచింది. తడి కొంగు నడుముకు బిగించి, మట్టిలో పడి ఉన్న గెడను రెండు చేతులతో తీసింది. జనం ఆమెకు కూడా తొలగి దారి ఇచ్చారు. ఆమె దగ్గరికి వస్తుంటే హనుమండ్లు చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఈసారి మాత్రం కళ్ళు పక్కకు తిప్పకుండా ఆ గెడనే చూస్తూ నిలబడ్డాడు.