వేరుశనగ వాసన

పంజరం తలుపు తీసే ముందు కసిల్దా ఎడమచేతి చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. నాలుగు చుట్లు చుట్టి, కొసను పంటితో లాగి ముడివేసింది. కుడిచేతికి రోజంతా పని ఉంటుంది కాబట్టి కరిపించుకోవడానికి ఎడమచెయ్యే ఇస్తుంది. ఏడాదిన్నరగా ఆ వంటింట్లో తెల్లవారడం ఇలాగే.

"రా నాయనా, లేచావుగా. కానియ్ నీ పని."

కొయ్యపెట్టె గూట్లోంచి హామ్‌స్టర్ బయటికొచ్చింది. కోడిగుడ్డంత ఒళ్ళు, బూడిదరంగు బొచ్చు, వీపు పొడుగునా నల్లటి గీత, మిరియపు గింజల్లాంటి కళ్ళు. పొద్దుతిరుగుడు గింజలు ఆరు, గోరంత క్యారెట్టు ముక్క, వేరుశనగ బద్ద ఒకటి గిన్నెలో వేసి చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. అది గిన్నెవైపు చూడనైనా లేదు. గుడ్డను రెండుసార్లు వాసన చూసి, ముడి పక్కన సందు వెతికి మరీ కొరికింది.

"అబ్బా! నీ జిమ్మడ! తిండి పెట్టే చేతినేరా, విశ్వాసం లేని వెధవా!"

గుడ్డ మీద ఎర్రటి చుక్క పొడిచింది. ఆ వేలి కొసన ఇలాంటి గాట్లు లెక్కలేనన్ని. యజమానురాలి మనవరాలు ఫియోరెల్లా పెట్టిన ముద్దుపేరు దానికి ఏనాడో పోయింది. వంటింట్లో అందరూ రొకోతో అనే పిలుస్తారు. గుండ్రంగా, ముచ్చటగా ఉండి, కొరికితే ప్రాణం తోడేసే మిరపకాయ పేరది.

మొదట్లో తప్పు కసిల్దాదే. పుట్టినప్పటి నుంచీ ఆమె ఎరిగినవి కుయ్‌లనే గినీపందులు, పొయ్యి పక్కన కూతలు పెడుతూ తిరిగి పండక్కి పళ్ళెంలోకి వచ్చేవి. వాటిని పట్టుకోవడం అంటే పైనుంచి మెడ మీద చెయ్యి వెయ్యడమే. దీన్నీ అలాగే పట్టుకుంది. గద్ద తన్నుకుపోతోందనుకుని అది బొటనవేల్లో పళ్ళు దింపి, చెయ్యి విదిలించినా వదల్లేదు. పచ్చగడ్డి తెచ్చి పడేస్తే ఆ గడ్డిలోనే దాక్కుంది. ఇది వేరే జాతి అని తెలియడానికి నెల పట్టింది. తర్వాత అన్నీ నేర్చుకుంది. నిద్రలో లేపకూడదు, గూడు జోలికి పోకూడదు, చెయ్యి నేల మీదుగా తీసుకెళ్ళాలి, మెల్లగా మాట్లాడాలి. అన్నీ చేసినా కరుస్తూనే ఉంది. వంటమనిషి నియెవెస్‌ను కరవదు, గిన్నెలు తోమే ఆవిణ్ణి కరవదు. కసిల్దానే కరుస్తుంది. అది ఆమెకు నిజంగానే కష్టంగా ఉండేది. పైకి తిట్టేది కానీ, నేనేం పాపం చేశాన్రా అని లోపల అడుగుతూనే ఉండేది.

గుడ్డ విప్పేసి, వేలికి నిమ్మకాయ రాసుకుని, రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

అది మామూలు రాయి కాదు. మంచమంత పొడవున్న నల్లటి అడుగురాయి, దాని మీద అటూ ఇటూ ఊగే అర్ధచంద్రాకారపు పైరాయి. ముప్పై నాలుగేళ్ళుగా ఆ పైరాయిని ఊపి ఊపి కసిల్దా కుడిభుజం ఎడమదాని కంటే రెండంగుళాలు కిందికి దిగింది. మోకాళ్ళు కాయలు కాసి, తోలు చెప్పుల అడుగుల్లా అయ్యాయి. వేయించిన వేరుశనగ, నానిన ఎండుమిర్చి, వకతాయ్ ఆకు వేసి ఒకోపా పచ్చడి ఆమె నూరితే, దాన్ని ఉడికిన బంగాళాదుంపల మీద పోయించుకోవడానికి జనం ఆరెకీపా ఊరు ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి వచ్చేవాళ్ళు. గోడ మీద భోజనశాల బోర్డు యజమానురాలు బెనీతమ్మ పేరున ఉండేది. రుచి మాత్రం ఈమె భుజంలోంచి దిగింది.

"ఏమే కసిల్దా, ఇవాళ కూడా రక్తం కలిపావా పచ్చడిలో?" అంటూ వచ్చింది నియెవెస్, ఉల్లిపాయల గంప దింపుతూ.

"నీ నోట్లో మన్ను పడ. నిమ్మకాయ రాశాను."

"ఆఖరి రోజైనా దాన్ని వేయించి పెట్టవే. కుయ్‌కి చిన్న చెల్లెలు. నా పంటి సందుకైనా చాలదనుకో."

కసిల్దా నవ్వింది. నిజంగానే అది ఆఖరి రోజు. బెనీతమ్మ పోయి రెండేళ్ళవుతోంది. రెనాతో అనే ఆవిడ కొడుకు ఆ ఇంటిని హోటలు వాళ్ళకు ఇచ్చేశాడు. ఆ రోజే భోజనాలు అయ్యాక సామాను ఎత్తేస్తారు. ఇల్లు పోతుందని కసిల్దా ఏడవలేదు. ఇల్లు ఆమెది కాదు. రాయి మాత్రం ఆమెది.

బెనీతమ్మే ఇచ్చింది. ఆఖరి రోజుల్లో మంచంలో ఉండి, కసిల్దా చెయ్యి పట్టుకుని, "ఈ రాయి నీది. నేను పోయాక నీ ఇంటికి పట్టుకుపో, ఎవరన్నా కాదంటే నా మనవరాలు సాక్షి," అంది. పక్కన నీళ్ళగ్లాసు పట్టుకుని ఫియోరెల్లా నిలబడి ఉంది. "సరే నానమ్మా," అని కూడా అంది. గదిలో ఇంకెవరూ లేరు.

ఆ మాట పట్టుకునే కసిల్దా చరకాతో అనే పల్లెలోని తన గది వెనక అత్తిచెట్టు నీడన మేస్త్రీ చేత అరుగు కట్టించుకుంది. తన మోకాళ్ళ ఎత్తు కొలిపించి మరీ కట్టించింది. రాయి వస్తే తెల్లారి నూరి వాకిట్లో పెట్టుకుంటే చాలు, కొనేవాళ్ళు ఉన్నారు. ఒకరి వంటింట్లో కాదు, తన నీడన. అరవై మూడేళ్ళకు ఆమె కోరిక అదొక్కటే.

"ఫియోరెల్లా ఇవాళ వస్తోందిగా. రాయి సంగతి రెనాతోకు చెప్పిస్తావా?" అడిగింది నియెవెస్.

"నేను చెప్పించేదేమిటే, అదే చెబుతుంది. నా చేతుల్లో పెరిగిన పిల్ల."

తల్లి విడిపోయి వెళ్ళినప్పుడు ఫియోరెల్లాకు మూడేళ్ళు. ఈ రాయి పక్కనే గంపలో పడుకుని పెరిగింది. ఆరేళ్ళకు పైరాయి కొస పట్టుకుని ఊగేది. వంట చదువు చదువుకోవడానికి లిమా వెళ్ళేటప్పుడు పంజరం తెచ్చి కసిల్దా ఒళ్ళో పెట్టింది. "నేను వచ్చేదాకా దీన్ని బతికించి ఉంచవా కసిల్దమ్మా," అని మెడ కౌగిలించుకుని ఏడ్చింది. కరిచినప్పుడల్లా కసిల్దా ఆ ఏడుపే గుర్తు చేసుకునేది.

మధ్యాహ్నం జనం విరగబడ్డారు. బల్లలు చాలక వాకిట్లో నిలబడి తిన్నారు. ఎర్రటి మొక్కజొన్న కల్లు కుండలు రెండు గంటలకే ఖాళీ అయ్యాయి. ముసలి దర్జీ ఒకాయన పళ్ళెం తుడుచుకు తిని, వంటింటి గుమ్మం దాకా వచ్చి టోపీ తీసి, "అమ్మా, ఇక మేమేం తినాలి?" అన్నాడు. "చరకాతో పల్లెకు రండి," అంది కసిల్దా సిగ్గుపడుతూ. "పై నెల నుంచి మా వాకిట్లో ఉంటుంది."

మూడింటికి తండ్రితో కలిసి ఫియోరెల్లా వచ్చింది. జుట్టు కత్తిరించుకుంది, సన్నబడింది. "కసిల్దమ్మా!" అని పరుగెత్తుకొచ్చి ఆ వంగిన భుజం మీద వాలింది. కసిల్దా తడిచేతులు దూరంగా పెట్టి బుగ్గతో బుగ్గ ఆనించింది. అంతలో పిల్ల కళ్ళు పంజరం మీద పడ్డాయి.

"అయ్యయ్యో, ఇది ఇంకా బతికే ఉందా!" అని పకపకా నవ్వింది. "ఎప్పుడో పోయుంటుందనుకున్నా."

"బతికించి ఉంచమన్నావు కదమ్మా."

"అవునా? పిచ్చిదానివి కసిల్దమ్మా నువ్వు," అంటూ పంజరం తలుపు తీసి చెయ్యి పెట్టేసింది.

"వద్దు తల్లీ! కరుస్తుంది!"

కరవలేదు. రొకోతో ఆ అరచేతిలోకి ఎక్కి, మధ్యలో కూర్చుని, ముందుకాళ్ళతో మొహం కడుక్కుంది. ఏడాదిన్నర దాని ముఖం చూడని పిల్ల చేతిలో, సొంత పరుపు మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"చూశావుటే దీని వేషాలు," అంది కసిల్దా, నవ్వబోయి. "నన్ను రోజూ రక్తాలు కారేలా కొరుకుతుంది. నేనంటే పగ."

ఫియోరెల్లా ఆమె చెయ్యి ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. "పగా కాదు పాడూ కాదు. నీ చేతులు వేరుశనగ వాసన. నువ్వు కడిగినా పోదు. అది నిన్ను తిండి అనుకుంటోంది, అంతే."

అంతేనా! ఇంత చిన్న సంగతి తెలియక ఎన్ని తిట్లు తిట్టింది పాపం దాన్ని. కసిల్దాకు కాస్త తేలికైంది.

అప్పుడే నలుగురు మోత మనుషులు మోకులూ కొయ్య దుంగలూ పట్టుకుని లోపలికి వచ్చారు. రెనాతో రాయి వైపు చెయ్యి చూపించాడు.

"ముందు ఇది. పైరాయి విడిగా గోనెలో చుట్టండి. లిమా దాకా పోవాలి, దెబ్బ తగలకూడదు."

కసిల్దా చేతులు గౌనుకు తుడుచుకుంది. "రెనాతో బాబూ, అది లిమాకు కాదు. అది నాది. అమ్మగారు నాకిచ్చారు."

"ఎప్పుడిచ్చింది?" అతను కోపంగా ఏమీ అడగలేదు. "నాతో అనలేదే."

"ఫియోరెల్లా ఎదుటే అన్నారు. అడగండి."

అందరూ ఆగారు. మోకు పట్టుకున్న మనిషి కూడా ఆగాడు. ఫియోరెల్లా తల ఎత్తలేదు. అరచేతిలో హామ్‌స్టర్ వీపు నిమురుతూ ఉంది.

"చెప్పమ్మా. నీళ్ళగ్లాసు పట్టుకుని ఉన్నావు. సరే నానమ్మా అన్నావు."

"నాకు గుర్తు లేదు కసిల్దమ్మా," అంది చివరికి. "అప్పుడు నానమ్మ ఏవేవో మాట్లాడేది కదా. మందుల మత్తులో."

చెవుల కొసల దాకా ఎర్రబడింది పిల్ల. చిన్నప్పుడు పాలమీగడ దొంగిలించినప్పుడూ ఇలాగే చెవులు ఎర్రబడేవి. పిల్లకు గుర్తుందని కసిల్దాకు ఆ చెవులు చూడగానే తెలిసిపోయింది.

రెనాతో నెమ్మదిగా చెప్పాడు. ఫియోరెల్లాకు ఉద్యోగం ఇస్తున్న లిమా భోజనశాల వాళ్ళు ఈ రాయి కావాలన్నారు. పాత ఇంటి రాయి, పాత ఇంటి పిల్ల. రెండూ కలిసి ఉంటే అందమట.

"అక్కడ దీని మీద నూరుతారా?" అడిగింది కసిల్దా.

ఫియోరెల్లాయే, "గుమ్మం దగ్గర పెడతారు. పైన పూలకుండీలు," అంది, వినపడీ వినపడకుండా.

నియెవెస్ గరిటె విసిరి కొట్టింది. "పూలకుండీలా! ముప్పై నాలుగేళ్ళు మోకాళ్ళు అరగదీసుకుంది అక్కడ! మీ ఇళ్ళు బంగారం కానూ, నోరెలా వచ్చిందే నీకు గుర్తు లేదనడానికి?"

"ఊరుకో నియెవెస్." కసిల్దా గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. ఫియోరెల్లా దగ్గరికి వెళ్ళి నిలబడింది. "అడిగి ఉంటే ఇచ్చేదాన్ని కదే. కసిల్దమ్మా, నాకు కావాలి అని ఒక్క మాట అని ఉంటే నేనే మోయించేదాన్ని. నీకు కాకపోతే ఎవరికి ఇస్తాను? గుర్తు లేదని ఎందుకన్నావు?"

పిల్ల హామ్‌స్టర్‌ను పంజరంలో వదిలి, తలుపు వేసి, పంజరాన్ని కసిల్దా వైపు జరిపింది. "దీన్ని నువ్వే ఉంచుకో. నేనుండే గదిలో కుదరదు," అంది.

దుంగల మీద రాయి దొర్లుకుంటూ గుమ్మం దాటింది. అది ఉన్నచోట నేల మిగతా వంటిల్లంతా మసిబారిన కాలంలోనూ తెల్లగా ఉండిపోయింది. కసిల్దా ఆ తెల్లటి చోటును చీపురుతో ఊడ్చింది. ఎందుకు ఊడ్చిందో ఆమెకే తెలియదు. తర్వాత శాలువాలో పంజరం చుట్టుకుని, నియెవెస్‌ను కౌగిలించుకుని, చరకాతో బస్సెక్కింది. దారంతా శాలువాలో రొకోతో తొక్కే చక్రం కిరకిరలాడుతూనే ఉంది. పక్కసీటు ఆవిడ అడిగితే, కోడిపిల్ల అని చెప్పింది.

దర్జీ నిజంగానే ఒక ఆదివారం వచ్చాడు, గిన్నె పట్టుకుని. కసిల్దా ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపేసింది. పక్కింటివాళ్ళు మిక్సీ ఇస్తామన్నారు. అందులో వేస్తే పచ్చడి పలచబడి ఏడ్చినట్టుంటుందని ఆమె తీసుకోలేదు. ఫోను రెండుసార్లు మోగింది. లిమా నంబరు. ఎత్తలేదు.

ఇరవయ్యో రోజు ఉదయం వేలికి గుడ్డ చుట్టుకోవడం మరిచిపోయి పంజరంలో చెయ్యి పెట్టింది. గుర్తొచ్చేలోపే రొకోతో వచ్చేసింది. ముసలిదైపోయి మెల్లగా నడుస్తోంది. వేలు వాసన చూసింది. మళ్ళీ చూసింది. పక్కకు తిరిగి వెళ్ళి గిన్నెలో గింజ తీసుకుంది.

కసిల్దా చెయ్యి అక్కడే ఉంచింది. "ఇదిగో, ఇక్కడున్నా," అంది. వేలు దాని మూతి దగ్గరికి జరిపింది. అది ఆ వేలి మీదికి ఎక్కి, అరచేతిలోకి దిగి, ముడుచుకుని కళ్ళు మూసుకుంది. కసిల్దా రెండో చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చింది. సబ్బు వాసన. ముప్పై నాలుగేళ్ళ వాసన ఇరవై రోజుల్లో పోయింది. "ఒక్కసారి కరవరా," అని బతిమాలింది. "నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్కసారి." రాయి పోయిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మరో నాలుగు రోజులకు గూట్లో నిద్రలోనే పోయింది అది. అత్తిచెట్టు మొదట్లో పాతిపెట్టి, పంజరం కడుగుదామని మొదటిసారి గూటి పెట్టె ఎత్తి చూసింది. అడుగున, చింపిన కాగితాల కింద, దోసెడు వేరుశనగ బద్దలు. రోజుకొకటి చొప్పున ఆమె వేసినవే. ఒక్కటీ తినలేదు, దాచుకుంది.

వాటిని ఎక్కడ పెట్టాలో తోచక, తన మోకాళ్ళ ఎత్తుకు కట్టించుకున్న ఖాళీ అరుగు మీద పోసి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా అవి అక్కడే ఎండలో ఉన్నాయి, పొట్టు తీసినవి, వేయించి నూరడానికి సిద్ధంగా.