మా క్లిఫ్ ఓటు

మా తమ్ముడు క్లిఫర్డ్ లంబ్ ముప్పై ఏళ్ళుగా మా వార్డుకి కౌన్సిలర్. ఈ మే నెల నగర ఎన్నికల్లో మళ్ళీ నిలబడ్డాడు. వాడు గెలవాలని నేను కోరుకున్నది పార్టీ కోసం కాదు. రెండేళ్ళ కిందట వాడి భార్య మార్జరీ పోయింది. అప్పట్నుంచీ వాణ్ణి మంచం మీంచి లేపుతున్నది ఆ పని ఒక్కటే. ఫలానా వీధిలో చెత్త డబ్బాలు ఎత్తలేదనో, ఫలానా మలుపులో దీపం వెలగడం లేదనో ఎవరో ఒకరు ఫోను చేస్తారు. వీడు లేచి కోటు తొడుక్కుంటాడు. ఫోను మోగని ఆదివారాల్లో మాత్రం కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి గోడ చూస్తుంటాడు. అడిగితే గానీ టీ కూడా తాగడు. మావి పక్కపక్క ఇళ్ళు, మధ్యలో ఒకటే గోడ. అటు కెటిల్ పెట్టాడా లేదా నాకు ఇటు వినిపిస్తుంది. ఓడిపోతే వీడికి వారమంతా ఆదివారమే కదా అని నాకు దిగులు పట్టుకుంది.

వాడికి ఎదురు నిలబడింది తస్నీమ్ రఫీక్. మా వీధి చివరింట్లో పుట్టి పెరిగిన పిల్లే. ఇప్పుడు పెద్ద బడిలో లెక్కలు చెబుతోంది. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. వాళ్ళ నాన్న రఫీక్ గారు కొండ మీదికి వెళ్ళే బస్సు నడిపేవాడు. రిటైరయ్యాక కూడా వీధిలో నన్ను చూస్తే హారను కొట్టినట్టు నోటితో శబ్దం చేస్తాడు.

పోలింగ్ రోజు మా ప్రార్థన మందిరం వెనక గదిలో ఓట్లు. గుమ్మం బయట మా తరఫున నేను, వాళ్ళ తరఫున రఫీక్ గారు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కోటుకి పార్టీ గుర్తుగా నాకు ఎర్ర రిబ్బను పువ్వు, ఆయనకి ఆకుపచ్చది. ఓటేసి వచ్చినవాళ్ళని నంబరు అడిగి రాసుకోవడం మా పని. ఎవరికి వేశారో అడగకూడదు. ఇంకా రానివాళ్ళెవరో తేలితే సాయంత్రం పార్టీవాళ్ళు వెళ్ళి తలుపులు తడతారు. వాన సన్నగా పడుతూనే ఉంది. ఇద్దరికీ కలిపి ఆయన గొడుగు ఒక్కటే దిక్కయింది.

"మీ వాళ్ళంతా పొద్దున్నే వచ్చేశారు డోరీన్ గారూ. మా వాళ్ళు భోంచేసి గానీ కదలరు," అన్నాడాయన.

"మీ బస్సు ఏనాడు టైముకి వచ్చింది గనక, మీ ఓటర్లు రావడానికి!"

"బాగా అన్నారు. మీరు చేతిలో సంచీతో కొండ కింది నుంచి చెయ్యి ఊపుతూ పరిగెత్తుకొస్తే ఆగింది ఎవరు? ఆ ఆలస్యమంతా మీ వల్లే. డిపోలో తిట్లు మాత్రం నాకు."

ఇంక నేను మాట మార్చి ఫ్లాస్కు మూత తీశాను. నేను తెచ్చిన అల్లం కేకు ఆయన తిన్నాడు, వాళ్ళావిడ పంపిన సమోసాలు నేను తిన్నాను. లోపలికి వెళ్ళేవాళ్ళు కట్టేసి పోయిన కుక్కలు మా ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నాయి.

మధ్యాహ్నం క్లిఫ్ తన పాత కారులో వచ్చి ఆగాడు. నడవలేని వాళ్ళని పొద్దుట్నుంచీ తీసుకొచ్చి దింపుతున్నాడు. ఈసారి తలుపు తీసి దింపింది మిసెస్ ఓల్డ్‌రాయిడ్‌ని. లేచి వాడి చొక్కా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"ఒరేయ్, ఆవిడ కిటికీలో ఆ పిల్ల పోస్టరు ఉందిరా!"

"చూశాను. దాని ముందే కారు ఆపాను."

"మరి?"

"మోకాలు బాగాలేదు కదక్కా ఆవిడకి. ఈ కొండ ఎక్కలేదు."

"ఆ మోకాలు తెచ్చి నీ మెడ మీదే పెట్టుకుంటున్నావు, తెలుస్తోందా?"

మిసెస్ ఓల్డ్‌రాయిడ్ చేతికర్ర నేల మీద టక్కుమనిపించింది. "పోయింది నా మోకాలు డోరీన్, చెవులు కాదు. క్లిఫ్, నాయనా, నువ్వంటే నాకు కోపం లేదు. కానీ ముప్పై ఏళ్ళు ఒకే మొహం చూస్తే ఎవరికైనా విసుగు రాదూ?"

"నాకూ వస్తోందండీ, గడ్డం గీసుకునేటప్పుడల్లా," అని క్లిఫ్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు.

రఫీక్ గారు గొడుగు వెనక మొహం దాచుకుని నవ్వుతున్నాడు. "ఇలాంటి ప్రత్యర్థి దొరకడం మా అదృష్టం. పెట్రోలు కూడా ఆయనదే," అన్నాడు. నేను ఆయన చేతిలోంచి కేకు డబ్బా లాగేసుకున్నాను.

మర్నాడు పొద్దున ఈత కొలను పక్కనుండే ఆటల హాల్లో లెక్కింపు. నేల మీద ఆట కోర్టుల గీతలు, వాటి మీద బల్లలు, బల్లల వెనక వేళ్ళకి రబ్బరు తొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు. మేము ఇటు నిలబడి చూడొచ్చు గానీ కాగితం ముట్టుకోకూడదు. క్లిఫ్ ఓట్ల కట్టలూ తస్నీమ్ కట్టలూ పక్కపక్కనే పేర్చుకుంటూ పోయారు. ఒకసారి ఇది ఎత్తు, ఒకసారి అది ఎత్తు. నేను ఒంటికాలి మీద నిలబడి చూస్తున్నాను. క్లిఫ్ మాత్రం లెక్కపెట్టే అమ్మాయిని వాళ్ళ అమ్మ ఆపరేషన్ ఎలా జరిగిందని అడుగుతున్నాడు.

"అంకుల్, దయచేసి మాట్లాడించకండి, లెక్క తప్పుతుంది," అంది ఆ అమ్మాయి.

చివరికి ఎన్నికల అధికారి, పొట్టి జుట్టు, మెడలో కళ్ళజోడు గొలుసు ఉన్న ఆవిడ, అభ్యర్థుల్నీ వాళ్ళ మనుషుల్నీ ఒక బల్ల చుట్టూ పిలిచింది. "తస్నీమ్ రఫీక్ ఒక్క ఓటు ముందున్నారు. కానీ అనుమానం ఉన్న కాగితాలు కొన్ని మిగిలాయి. అవి మీ ముందే తేలుస్తాను," అంది.

మొదటి కాగితం మీద రెండు పేర్లకీ ఎదురుగా గుర్తులు పెట్టారు. చెల్లలేదు. రెండోదాని మీద అడ్డంగా ఒక కుక్క బొమ్మ గీశారు, చక్కగానే గీశారు. అదీ చెల్లలేదు. మూడోదాంట్లో క్లిఫ్ పేరు పక్క గడిలో గుర్తు లేదు. పెన్సిలుతో సన్నగా రెండు మాటలు రాసి ఉన్నాయి. నేను బల్లకి అవతలి వైపు ఉన్నాను, కాగితం నాకు తలకిందులుగా కనిపిస్తోంది. అరవై దాటాక చదువు నేర్చుకున్న దాన్ని, తిన్నగా ఉన్న అక్షరాలే నాకు నెమ్మది. అయినా ఆ పేరు నా కళ్ళు చప్పున పట్టేసుకున్నాయి. 'మార్జరీ కోసం' అని ఉంది.

క్లిఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ అది శుభ్రపడలేదు.

తస్నీమ్ ఏజెంటు, కొత్త సూటు వేసుకున్న పొడుగాటి కుర్రాడు, గొంతు సవరించుకున్నాడు. "గుర్తు లేదు కదండీ. పైగా మార్జరీ అనే ఆవిడ పోటీలోనే లేరు."

"గడి ఎవరిది?" అని తస్నీమ్ అడిగింది.

"ఆయనది. అయినా..."

"అయినా ఏముంది? ఆ ఓటు ఆయనది కాక నాదా? మార్జరీ ఆంటీ చేత్తో చేసిన కస్టర్డ్ తిని పెరిగాను నేను. అది వద్దని వాదించి గెలిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

అధికారి ఇద్దరి వంకా చూసింది. "మీరు వాదించినా నా నిర్ణయం ఇదే. ఓటరు ఉద్దేశం తెలుస్తోంది. చెల్లుతుంది," అని కాగితం క్లిఫ్ కట్ట మీద పెట్టింది.

సరిసమానం.

మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టారు. మళ్ళీ సరిసమానమే. ఇలా అయితే మా చట్టంలో ఒకటే దారి, చీటీ తియ్యడం. అధికారి దానికి ఏర్పాట్లు చేసేలోగా మేము గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాం. అటు చివర తస్నీమ్, రఫీక్ గారు. మిషన్లోంచి తెచ్చిన టీ ఎవరూ తాగడం లేదు.

నాకు కోపం ఆగలేదు. "ఒక్క మనిషిరా! ఒక్క మనిషి తిన్నగా ఓటేసి ఉంటే సరిపోయేది. ఆ ఒక్కరూ ఎవరో తెలియాలి, జీవితంలో మళ్ళీ వాళ్ళకి గుడ్ మార్నింగ్ చెప్పను."

క్లిఫ్ టీ కప్పులోకి చూస్తూ, "నాకు తెలుసక్కా ఎవరో," అన్నాడు.

"ఎవరు?"

"నేనే."

"నువ్వు ఓటెయ్యలేదా?"

"వేశాను. ఆ అమ్మాయికి."

బెంచీ అటు చివర రఫీక్ గారు తాగని టీ కాస్తా ప్యాంటు మీద ఒంపుకున్నాడు.

"ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

"ఎలా వేసుకోవడం అక్కా నా పేరుకి నేనే? నలుగురున్న బల్ల దగ్గర కూర్చుని పెద్ద ముక్క మన పళ్ళెంలోనే వేసుకున్నట్టు ఉంటుంది. నావల్ల కాదు. మొదటిసారి నిలబడినప్పుడే చెయ్యి రాలేదు. అప్పట్నుంచీ ఎదుటివాళ్ళకే."

"ముప్పై ఏళ్ళుగానా! మార్జరీకి తెలుసా ఈ సంగతి?"

"తెలీకేం. నువ్వు మర్యాద చేసుకుని రా, నీ తప్పు నేను సరిచేసి వస్తాను అనేది. నాకు వేసేది. నాదీ ఆవిడదీ చెల్లుకి చెల్లు." కప్పు కింద పెట్టి, "ఈసారి ఆవిడ లేదన్న సంగతి నాకు ఆ గదిలో తట్టలేదక్కా," అన్నాడు.

నేను తిట్టబోయినదాన్నల్లా నా చేతిరుమాలు తీసి వాడికిచ్చాను. వాడు దాంతో కళ్ళు తుడుచుకోకుండా రఫీక్ గారి ప్యాంటు తుడుచుకోమని అటు అందించాడు.

తస్నీమ్ మొహం ఎర్రబడిపోయింది. "అంకుల్... నేను నాకే వేసుకున్నాను."

"వేసుకోవాలమ్మా. మీ నాన్న బస్సులో ముందు సీటు తనకే ఉంచుకునేవాడు, నువ్వు ఆయన కూతురివి."

"డ్రైవరు ఇంకెక్కడ కూర్చుంటాడయ్యా!" అన్నాడు రఫీక్ గారు. అందరం నవ్వాం. నా నవ్వు సగంలోనే ఆగిపోయింది. అధికారి పిలుస్తోంది.

రెండు పేర్లూ ఒకే రకం కాగితాల మీద రాసి, ఒకే రకం కవర్లలో పెట్టి, ఖాళీ ఓట్ల పెట్టెలో వేసి ఊపింది. మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి పెట్టింది. గోడ అవతల కొలను దగ్గర ఈత మాస్టరు ఈల వేసి ఎవరినో పరిగెత్తొద్దని కేకేశాడు. ఆవిడ కవరు చింపింది.

"తస్నీమ్ రఫీక్."

క్లిఫ్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. వేదిక ఎక్కి ఆ పిల్లతో చెయ్యి కలిపాడు. ఓడినవాళ్ళు నాలుగు మాటలు చెప్పాలి, అది పద్ధతి. వాడు మైకు దగ్గరికొచ్చి, దాని ఎత్తు సరిచేస్తూ చాలాసేపు తంటాలు పడ్డాడు.

"లెక్కపెట్టిన అమ్మాయిలకి థాంక్స్. మా అక్కకి కూడా, వాన్లో కూర్చుంది. ఇక నా సంగతి చెప్పాలంటే, నేను ఇన్నిసార్లు ఓటేశాను, నేను వేసిన మనిషి గెలవడం ఇదే మొదటిసారి. నాకు చాలా సంతోషంగా ఉంది."

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలంతా గొల్లున నవ్వింది. లెక్కపెట్టే అమ్మాయిలు బల్లలు చరిచారు. నేను మాత్రం వాడి చేతుల్ని చూస్తున్నాను. కాగితాలు లేవు, ఫోను లేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టి తీస్తున్నాడు.

బయటికొచ్చేసరికి వాన వెలిసింది. మెట్ల మీద నిలబడి వాడు ఎటూ కదలడం లేదు. "బస్సు వస్తుంది పద," అన్నాను. "ఆఁ" అన్నాడు, అక్కడే ఉన్నాడు. నేను రేపటి సంగతి ఆలోచిస్తున్నాను, ఎల్లుండి సంగతి కూడా.

తస్నీమ్ వెనకాలే పరిగెత్తుకొచ్చింది, రిబ్బను పువ్వు ఊడిపోయి వేలాడుతోంది. "అంకుల్, మీతో ఒక్క మాట. అది... ఎలా చెప్పాలో..."

క్లిఫ్ ఆ పిల్లని పైనుంచి కింది దాకా చూశాడు. టోపీ తీశాడు.

"కౌన్సిలర్ గారూ, మీరు కనిపించడం మంచిదైంది. మా వెనక సందులో కాలువ మూత ఊగుతోంది. చలికాలం నుంచీ అంతే. రాత్రి ఎవరు తొక్కినా దభీమని శబ్దం. మనుషులు ఉంటున్నారా, పశువులా అక్కడ?"

తస్నీమ్ తెల్లబోయింది. "చలికాలం నుంచా? అప్పుడు కౌన్సిలర్ మీరే కదా!"

"అవును. ఒట్టి పనికిరాని మనిషి. అందుకే కదా ఓడించాం."

రఫీక్ గారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయిపోయింది. తల్లీ, ఫోను నంబరు ఇవాళే మార్చేసెయ్."

"మార్చినా కనుక్కుంటాను," అన్నాడు క్లిఫ్. "ముప్పై ఏళ్ళు వినడమే నా పని. చెప్పేవాళ్ళకి అందులో ఏం సుఖముందా అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలుస్తోంది. ఇంకోటి, మార్కెట్ దగ్గర బెంచీ. సగం పలకే ఉంది, కూర్చునేవాళ్ళకి సగమే ఉంటుందా? వచ్చే కౌన్సిల్ సమావేశానికి పైన జనం కూర్చునే చోటికి వస్తాను, ముందు వరసలోకి. అక్కడ లేచి అడుగుతాను."

"అడగండి. జవాబు చెబుతాను," అంది తస్నీమ్, తనూ గొంతు పెంచి. "కానీ అక్కడ కొత్త బెంచీ వద్దన్నది మీరే, పోయిన ఏడాది, నాకు గుర్తుంది."

"ఏమిటమ్మా నువ్వనేది? వద్దన్నది రంగు!"

"రంగు కాదు అంకుల్, చోటు!"

బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ చూడలేదు. రఫీక్ గారు నా పక్కన తడి మెట్టు మీద కోటు పరిచి, కూర్చోమన్నాడు. కూర్చున్నాను. క్లిఫ్ కాలువ మూత నుంచి బెంచీకి, బెంచీ నుంచి బడి ముందు రోడ్డుకి వెళ్ళాడు. ఆ తర్వాతి బస్సు కూడా వచ్చింది. వాడింకా మా వీధే పూర్తి చెయ్యలేదు.