నీలం టోపీకి దారం కొలత

మా అట్లాంటా నగరంలో పెద్దింటి తెల్ల ఆడవాళ్ల టోపీలన్నీ మొదట నా భార్య లూడీ నెత్తిన కూర్చున్నవే. ఈ మాట మా చర్చి దాటి పోకూడదు. పోతే ప్రూయిట్ అమ్మగారి టోపీల దుకాణం మూతపడుతుంది, మా లూడీ పని పోతుంది. అంతకు మించి ఏం జరగగలదో పోయిన సెప్టెంబరులో చూశాం.

లూడీ ఆ దుకాణం వెనక గదిలో టోపీలకు ఈకలు, రిబ్బన్లు కుడుతుంది. టోపీ తొడిగి కుట్టే కొయ్యతల రెండేళ్ల కిందట పగిలింది. కొత్తది వచ్చేదాకా నీ తలే వాడుకో అంది ప్రూయిట్ అమ్మగారు. కొత్తది ఇంకా రాలేదు. అదే లూడీ ముందు గదిలోకి కొనడానికి వస్తే మాత్రం టోపీ పెట్టుకుని చూడకూడదు. నల్లవాళ్ల తల తగిలిన టోపీని తెల్లవాళ్లు కొనరు. అందుకని మావాళ్లు ఇంటి దగ్గరే దారంతో తల కొలుచుకుని, ఆ దారం పట్టుకెళ్లి కొంటారు. పనిచేసేటప్పుడు లేని అంటు కొనేటప్పుడు ఎలా వస్తుందని ప్రార్థనలో ప్రభువును అడిగాను. ఆయన ఇంకా ఆలోచిస్తున్నట్టున్నాడు.

చర్చిలో లూడీ స్నేహితురాలు పర్మీలియా ఏడిపించకుండా ఊరుకోదు.

"లూడీ, నిన్న నీ తల గుర్రబ్బండిలో పోతుంటే చూశానే! పలకరిస్తే పలకలేదు. ఎంత పొగరు!"

"ఏం చెయ్యను వదినా, నా మెడ మీద లేనప్పుడు అది నా మాట వినదు."

లూడీ తమ్ముడు హోసియాకు మంగలి దుకాణం ఉండేది. అందులో గోడంత అద్దం. "అక్కా, ఊరందరి టోపీలూ పెట్టుకుంటావు, నిన్ను నువ్వెప్పుడు చూసుకుంటావే?" అని ఏడిపించేవాడు. పోయిన సెప్టెంబరులో దొరికిన నల్లవాళ్లనల్లా చంపుతూ తెల్లవాళ్ల గుంపు వచ్చినప్పుడు అతను ఒక తెల్లదొరకు గడ్డం గీస్తున్నాడు. అద్దం మిగల్లేదు, హోసియా మిగల్లేదు. ఆ దొర మాత్రం సగం గడ్డంతో ఇల్లు చేరాడు.

ఈ ఆదివారం హోసియాకు సంవత్సరపు ప్రార్థన. దానికి కొత్త టోపీ కొంటానంది లూడీ.

"ముందు గదిలో, అద్దం ముందు, పెట్టుకుని చూసి కొంటాను."

నేను లేచి తలుపు మూశాను. "ఇంట్లో అద్దం లేదటే?"

"ఉందిగా, మీరు గడ్డం గీసుకునేది. అందులో ముక్కు కనిపిస్తే టోపీ కనిపించదు, టోపీ కనిపిస్తే మనిషే కనిపించదు."

నేను గోడలకు సున్నం వేసుకునేవాణ్ణి, చర్చిలో పాస్టరు గారికి సాయపడే డీకన్ను. ధైర్యం గురించి ప్రసంగాలు వినడం వరకే నా వంతు. శుక్రవారం తెల్లవారుజామున లూడీ నిద్రలో ఉండగా దారంతో తల కొలిచి, దుకాణానికి వెళ్లాను.

"ఏరా ఎల్బర్ట్, ఎవరికిరా?" అంది ప్రూయిట్ అమ్మగారు. నాకు యాభై దాటాయి, ఆవిడకు ముప్పై ఉంటాయి.

"మా ఆవిడకు, అమ్మగారూ."

ఆవిడ దారం వంక చూడనైనా చూడకుండా నవ్వి, ఒక నీలం టోపీ పెట్టెలో పెట్టి ఇచ్చింది.

ఇంటికొచ్చి పెట్టె తెరిస్తే లూడీ నవ్వలేక కుర్చీలో కూలబడింది.

"నిన్న దీనికి ఈక కుట్టింది నేనే, నా నెత్తిన పెట్టుకునే కుట్టాను. దీనికి దారమెందుకండీ డీకన్ గారూ? పైగా చెవులు కూడా కలిపి కొలిచారు."

"అప్పుడు నువ్వు నిద్రలో లేవా?"

"తలకు ఉచ్చు బిగిస్తుంటే ఎవరికి నిద్ర పడుతుంది?"

తర్వాత నవ్వు ఆపింది. "రేపు దీన్ని తీసుకుని నేనే వెళ్తాను."

"ఎందుకే? టోపీ వచ్చిందిగా!"

"వచ్చింది. నేను చూసుకోలేదు."

శనివారం మధ్యాహ్నం లూడీ పెట్టె పట్టుకుని ముందు తలుపులోంచే లోపలికి నడిచింది. నేను సున్నం బకెట్టుతో బయట నిలబడి, పక్క దుకాణం గోడను చూస్తున్నట్టు నటించాను. నాకొచ్చిన కీర్తనలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఎండకు తలుపు తెరిచే ఉంది. లోపల జడ్జిగారి భార్య కూర్చుని ఉంది.

లూడీ నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుంది. అద్దం ముందుకు వెళ్లి టోపీ పెట్టుకుంది. కుడికి తిరిగింది. ఎడమకు తిరిగింది. తొందరేమీ పడలేదు.

"ప్రూయిట్!" జడ్జిగారి భార్య లేచి నిలబడింది. "ఏమిటిది? ఇది టోపీ పెట్టుకుని..."

ప్రూయిట్ అమ్మగారి మొహం నేను వేసే సున్నం కన్నా తెల్లబడింది.

లూడీ సూదులు తీసింది. "ఈక సరిచూస్తున్నానమ్మగారూ. పని."

"ఓ, పనా." పని అనేసరికి అంటు పోయినట్టు జడ్జిగారి భార్య కూర్చుంది. మళ్లీ చూసింది. "బాగుందే! అది నాకివ్వు."

"అమ్ముడైపోయిందమ్మగారూ."

"ఎవరికి?"

లూడీ ఇంకా అద్దంలోకే చూస్తోంది. "శ్రీమతి టాన్సీ గారికి."

నా బకెట్టు జారి సున్నం బూట్ల మీద ఒలికింది. మా ఇంటిపేరు టాన్సీయే. కాని ఆ దుకాణంలో మా ఆడవాళ్లలో ఎవరినీ ఎవరూ శ్రీమతి అనలేదు, గారు అనలేదు.

"అదృష్టవంతురాలు," అంది జడ్జిగారి భార్య.

"అవునండీ," అంది లూడీ.

ప్రూయిట్ అమ్మగారు తన చేతులతోనే ఆ టోపీని మళ్లీ పెట్టెలో సర్ది ఇచ్చింది. సోమవారం లూడీకి పని ఉంటుందో లేదో ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

ఆదివారానికి దుకాణం సంగతి చర్చంతా పాకింది. పర్మీలియా మా వెనక కూర్చుంది. "శ్రీమతి టాన్సీ గారూ, కాస్త తల వంచండి తల్లీ, పాస్టరు గారు కనిపించడం లేదు."

"వినికిడి బాగానే ఉందిగా వదినా," అంది లూడీ.

పాస్టరు గారు హోసియా పేరు చదివినప్పుడు అందరం తలలు దించుకున్నాం. నీలం టోపీ మాత్రం నిటారుగానే ఉంది. ప్రార్థనలో తల వంచాలని డీకన్‌గా నేనే చెప్పాలి. చెప్పలేదు.