లిస్టులో మొదటి పేరు

ఇష్‌బెల్ గన్ పదహారేళ్లుగా దీవుల పార్టీకి జెండాలు కట్టింది, కరపత్రాలు పంచింది, వానలో గొడుగు తిరగబడిపోయినా ఇల్లిల్లూ తిరిగింది. పడవ టికెట్ల ఆఫీసులో పనిచేసి రిటైరయిన మనిషి. ఎట్టకేలకు ఆ ఏడాది ప్రాంతీయ లిస్టులో మొదటి పేరు ఆమెదే వేశారు. ఎడిన్‌బరో పార్లమెంటులో వేసుకోవడానికి ముదురాకుపచ్చ కోటు కొనుక్కుని బీరువాలో పెట్టుకుంది. మొగుడు హెక్టర్‌కి చెప్పలేదు. అతను రెండో రోజే చూశాడు. చూసినట్టు చెప్పలేదు.

అక్కడ ఓటరు చేతికి రెండు కాగితాలిస్తారు. ఊదారంగు దాని మీద మన నియోజకవర్గం మనిషిని ఎన్నుకోవాలి. పీచు పండు రంగు దాని మీద పార్టీని. దీవుల పార్టీ ఊదా కాగితం మీద ఎక్కడా గెలిచిన పాపాన పోలేదు. పీచు కాగితాలన్నీ కలిపి చూస్తే మాత్రం ఒక్క సీటుకి సరిపడా ఓట్లు ఎప్పుడూ వచ్చేవి. ఆ ఒక్కటీ లిస్టులో మొదటి పేరుకి పోతుంది. అంటే ఇష్‌బెల్‌కి.

ఇంత చక్కగా ఉండగా, పోర్ట్ రూవన్ నియోజకవర్గానికి నిలబెట్టిన మనిషి నామినేషన్లకి వారం ముందు నార్వేలో ఉద్యోగం దొరికిందని వెళ్లిపోయాడు. ఎవరో ఒకరి పేరుండాలి. ఇష్‌బెల్ తిన్నగా రేవుకి వెళ్లి, పడవ ఇంజన్లు బాగుచేసే టార్క్విల్ మోవట్‌ని పట్టుకుంది. ముప్పై నాలుగేళ్ల వాడు, నలుగురిలో నోరు విప్పడానికి నాలుగు రోజులు తీసుకుంటాడు.

"నాకెందుకాంటీ ఇవన్నీ?" అన్నాడు ఇంజన్‌లోంచి తల ఎత్తకుండా.

"ఊరికే పేరు, నాయనా. ఇరవై ఏళ్లుగా అక్కడ గెలుస్తున్నది ఆ మెక్‌క్వారీయే. నువ్వు ఛస్తే గెలవవు."

"ఒట్టా?"

"ఒట్టు."

నిశ్చింతగా సంతకం పెట్టాడు.

ఏప్రిల్ రెండో వారంలో మెక్‌క్వారీ రేడియోలో ఒక మాట జారాడు. "పడవలు ఆలస్యమవుతున్నాయని దీవులవాళ్లు ఏడుస్తారు గానీ, వాళ్లకి తొందరపడి వెళ్లే పనులేముంటాయి?" అన్నాడు. ఆ సాయంత్రానికి అతని పోస్టర్లన్నిటికీ మీసాలు మొలిచాయి.

స్థానిక పత్రిక పోటీ హోరాహోరీ అని రాసింది. హెక్టర్ ఆ పేజీ భార్య ముందు పెట్టి, పళ్లెంలోంచి ఒక స్కోన్ రొట్టె తీశాడు.

"ఇదుగో, మన పార్టీకి వచ్చే ఓట్లకి రెండు కాగితాల మీదా కలిపి దక్కే సీటు ఇదొక్కటే. టార్క్విల్ ఊదా కాగితం మీద గెలిచాడనుకో. ఇది వాడి నోట్లోకి పోయింది." అని తన నోట్లో పెట్టుకున్నాడు. "ఇక లిస్టులో నీకేం మిగిలింది?"

"తెలుసు. లెక్కలు నాకు చెప్పకు."

"అంటే నువ్వే తెచ్చి, నువ్వే నేర్పి, నీ సీటు వాడికి..."

"నోరు మూసుకుని తిను, హెక్టర్."

ఆ మర్నాటి నుంచి ఇష్‌బెల్ బుద్ధి కొంచెం గడ్డి తిన్నదన్న మాట దాచి లాభం లేదు. టార్క్విల్‌ని ఆమె ఏరి ఏరి గ్రిజెల్ డ్రెవర్ ఇంటికి పంపింది. ఓట్లడగడానికి వచ్చినవాళ్ల మీద కుళాయి గొట్టం తిప్పే ముసలమ్మ ఆవిడ. ఏడు నిమిషాల్లో తడిసి వస్తాడనుకుంటే, గంటన్నర తర్వాత పొట్ట నిండా చేపల పులుసు తాగి వచ్చాడు.

"ఏం చెప్పావురా ఆవిడకి?"

"ఏం లేదాంటీ. నాకు ఓటెయ్యొద్దన్నాను."

ఇష్‌బెల్ నిలబడిపోయింది. "ఏమన్నావ్?"

"నాకేం తెలీదండీ, తెలిసినావిడ ఇష్‌బెల్ ఆంటీ, పీచు కాగితం మీద మా పార్టీకి వెయ్యండి, ఊదాది మీ ఇష్టం అన్నాను. ఇరవై ఏళ్లలో అబద్ధం చెప్పనివాడు నా గుమ్మం తొక్కడం ఇదే మొదలని లోపలికి పిలిచింది." తల గోక్కున్నాడు. "అన్ని ఇళ్లలోనూ అదే చెబుతున్నా. నేను గెలిస్తే నీ సీటు పోతుందటగా? హెక్టర్ అంకుల్ చెప్పాడు. నువ్వేం బెంగపడకు, నేనుండగా నేను గెలవను."

ఆమెకి ఏ మూలన దాక్కోవాలో తెలియలేదు. తను చాటుగా చేస్తున్న పని వీడు బాహాటంగా, అదీ తన కోసమే చేస్తున్నాడు! సిగ్గుపడింది. అయినా సిగ్గు ఒకపక్క, ఆకుపచ్చ కోటు ఒకపక్క. సామాజిక భవనంలో అభ్యర్థుల సభకి పదకొండు పేజీల ప్రసంగం రాసిచ్చింది. రేవు నిబంధనలు, ఉపనిబంధనలు, వాటి సవరణలు. వింటే చేపలు కూడా నిద్రపోతాయి.

టార్క్విల్ మొదటి పేజీలో సగం చదివి ఆగాడు.

"ఇష్‌బెల్ ఆంటీ కష్టపడి రాసింది. ఇంకా పది పేజీలున్నాయి. నాకే ఆవలింత వస్తోంది, మీకెలా ఉందో. పడవ బాగుచెయ్యమంటే చేస్తాను, మాటలు నాకు రావు. వెనక టీ చల్లారిపోతోంది."

చప్పట్లకి కిటికీ అద్దాలు అదిరాయి. మెక్‌క్వారీ ఖంగుతిన్నాడు. ఇష్‌బెల్ కూడా చప్పట్లు కొట్టింది, ఏం చేస్తుంది, పక్కనే పత్రికవాడు కూర్చున్నాడు.

పోలింగు నాడు ఊదా కాగితం పట్టుకుని ఆమె ఓటు వేసే అరలో ఎంతసేపు నిలబడిందంటే, బయట వరసలో ఎవరో "లోపల కోడిగుడ్డు పొదుగుతోందా?" అని అరిచారు. మెక్‌క్వారీ పేరు మీద పెన్సిల్ పెట్టబోయింది. రేడియో మాట గుర్తొచ్చింది. టికెట్ల కిటికీ వెనక కూర్చున్నన్నాళ్లూ, ఆసుపత్రికని, చావులకని, పరీక్షలకని తొందరపడి వచ్చి పడవ లేక కూలబడ్డ మొహాలు గుర్తొచ్చాయి. తనని తాను తిట్టుకుంటూ టార్క్విల్ పేరు ఎదుట గీత పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం ఆటల హాల్లో లెక్కింపు పూర్తయింది. టార్క్విల్ మోవట్ నలభై ఒక్క ఓట్ల తేడాతో గెలిచాడు. పేరు పిలిస్తే వేదిక ఎక్కకుండా తలుపు వైపు నడిచాడు. ఇద్దరు పట్టుకొచ్చారు. ఇంకో రెండు గంటలకి లిస్టు సీట్లు చదివారు. దీవుల పార్టీకి సున్నా. ఇష్‌బెల్ కుర్చీ మీద చేతులు ముడుచుకుని కూర్చుంది.

టార్క్విల్ వచ్చి పక్కన కూలబడ్డాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "క్షమించాంటీ. ఎంత ప్రయత్నించినా ఓడిపోలేకపోయాను. రేపు రాజీనామా చేస్తే నీకొస్తుందా?"

"రాదురా. లిస్టు సీటయితే తర్వాతి పేరుకి పోతుంది. నీదానికి మళ్లీ ఎన్నిక పెడతారు. మళ్లీ నువ్వే నిలబడి వద్దు వద్దంటావు, మళ్లీ నువ్వే గెలుస్తావు." అతని వైపు తిరిగింది. "ఆ గ్రిజెల్ ఇంటికి నిన్ను తడవాలనే పంపాను. ఆ పదకొండు పేజీలూ జనం నిన్ను చీదరించుకోవాలనే రాశాను. నువ్వు నాకు క్షమాపణ చెప్పకు."

అతను ఆమె వంక చూశాడు. ముందు నోరు తెరిచాడు, తర్వాత నవ్వాడు. ఎంత నవ్వాడంటే లెక్కింపు సిబ్బంది తిరిగి చూశారు. కాసేపు బిగబట్టుకుని ఇష్‌బెల్ కూడా నవ్వేసింది, కొంగు లేదు గనక చేతిరుమాలుతో కళ్లు తుడుచుకుంది.

"నేను మాత్రం వాడికి వెయ్యలేదు," అన్నాడు వెనక కుర్చీలోంచి హెక్టర్, మెల్లగా.

"ఆ సంగతి నాకు తెలుసు," అంది ఆమె. "ఇంట్లో ఒక్కరికైనా నా మీద ప్రేముంది."

టార్క్విల్ తన ఆఫీసు నడపమని ఆమెని బతిమాలాడు. వారానికి మూడు రోజులే వస్తానని, అతని టీ అతనే కాచుకోవాలని షరతు పెట్టి ఒప్పుకుంది. జూన్‌లో పడవల మీద అతని మొదటి ప్రసంగం. ఈసారి ఒకటే పేజీ రాసింది, ఆరు సార్లు కొట్టేసి. సందర్శకుల బాల్కనీలో కూర్చుంది. కింద అతను తడబడకుండా చదువుతుంటే, ముందు వరసలో ఎవరో దగ్గారు.

"ష్!" అంది ఇష్‌బెల్, సభ అంతా పైకి చూసేంత గట్టిగా.