పక్కింటి బంగారాలు

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అన్న పెద్దమనిషి ఎవరో గానీ, ఆయన మా పక్కింటి కుక్కల్ని చూసి ఉండడు. నేను చెప్పు విసిరితే అవి పరిగెత్తుకెళ్లి, దాన్ని నోట కరుచుకుని తెచ్చి, నా కాళ్ల దగ్గర పెట్టి, ఇంకోసారి విసురు అన్నట్టు తోక ఊపేవి. ఒళ్లుమండి రెండో చెప్పు విసిరితే దాన్ని మాత్రం వాళ్లింటికి పట్టుకుపోయేవి. అలా మా ఇంట్లో జత కలిసిన చెప్పులంటూ లేకుండా పోయాయి.

ఒకటి దూడంత ఉంటుంది, పసుపు రంగు. రెండోది నల్లది, పొట్టిది, పెద్దదాని వెనకే తిరుగుతుంది. వాటి యజమాని ఇళ్లు కట్టించే కాంట్రాక్టర్. ఆయనకి అవి బంగారాలు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి "బంగారాలూ!" అని పిలుస్తుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఊరందరికీ గోడలు కట్టించే ఆ మహానుభావుడు, ఎక్కడో మిగిలిన ఇటుకలు లారీతో తెప్పించి, మా రెండిళ్ల మధ్య గోడకి తన వైపున ఆనించి పేర్పించాడు. అదీ ఎలా? మెట్లు మెట్లుగా. ఆ మెట్లెక్కి, గోడ మీద నిలబడి నలుదిక్కులా చూసి, మా వాకిట్లోకి దూకడం ఆ బంగారాలకి దినచర్య.

నా గులాబీ మొక్క నడుము విరిచినప్పుడు ఓర్చుకున్నాను. నేను ఇంట్లో మిషన్ పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. ఉతికి ఆరేసిన చొక్కాల్ని మట్టిలో ఈడ్చినప్పుడు కూడా పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను. కానీ మా అత్తయ్య జోలికి వచ్చాక ఇక నావల్ల కాలేదు.

మా అత్తయ్య రిటైరైన డ్రిల్లు టీచరు. ఆవిడ ఈల ఊదితే మైదానంలో పిల్లలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయేవాళ్లట. పెళ్లయిన కొత్తలో మా ఆయన భోజనం దగ్గర కూడా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటే, ఏమిటీ మనిషి ఇస్త్రీ చేసినట్టున్నాడు అనుకున్నాను. అత్తయ్యతో నాలుగు రోజులు ఉన్నాక నేనూ అలాగే కూర్చోవడం మొదలుపెట్టాను. అలాంటి మనిషి స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మమ్మల్ని పక్కకి పిలిచి చెప్పింది. "ఎముక బాగానే అతుక్కుంటుంది. కానీ రోజూ నడిపించాలి. మంచం అలవాటైందంటే కాలు మొండికేస్తుంది, ఆ తర్వాత ఎవరం ఏమీ చేయలేం."

నడిపించడానికి మా ఇంట్లో చోటేదీ? ముందు గది నిండా నా మిషనూ, గుడ్డల మూటలూ. వెనక గది నిండా మంచాలు. నడవాలంటే మెట్టు దిగి గేటు దాకా ఉన్న గచ్చుబాట ఒక్కటే దిక్కు. మొదటిరోజు నేనో పక్క, మా ఆయనో పక్క, మధ్యలో వాకర్ పట్టుకుని అత్తయ్య. నాలుగడుగులు వేసిందో లేదో, గోడ మీంచి ధబీమని దూకాయి బంగారాలు రెండూ. పెద్దది వాకర్ చుట్టూ గిరగిరా తిరిగింది, చిన్నది కాళ్ల మధ్య దూరింది. అత్తయ్య తూలింది. మా ఆయన పట్టుకున్నారు కాబట్టి కింద కూలబడింది గానీ, లేకపోతే ఆ తుంటి మళ్లీ విరిగేదే.

ఆ రోజు లోపలికి వెళ్లిన మనిషి మళ్లీ గడప దాటలేదు. బతిమాలాను, కోప్పడ్డాను.

"ఎందుకే, నడిచి ఇప్పుడు నేనేం ఊళ్లేలాలి? వదిలెయ్," అనేసి గోడ వైపు తిరిగి పడుకుంది.

మైదానాన్ని ఏలిన మనిషి నోట ఇలాంటి మాటా! మిషన్ ముందు కూర్చున్నానన్నమాటే గానీ కుట్టు ఎటు పోతోందో కూడా కనపడలేదు. చేతిలో చొక్కా అక్కడే పడేసి పక్కింటికి వెళ్లాను.

"కాంట్రాక్టర్ గారూ, మీ కుక్కల్ని కట్టేసుకోండి. మా అత్తయ్య పడిపోయింది."

"అయ్యో, అలాగా! కానీ చెల్లెమ్మా, అవి పసిపిల్లల్లాంటివి. ఏమీ చెయ్యవు. ఆప్యాయంగా వచ్చుంటాయి."

"ఆ ఆప్యాయత మీ ఇంట్లోనే చూపించుకోమనండి! పోనీ ఆ ఇటుకలు తీయించండి. మెట్లెక్కినట్టు ఎక్కి దూకుతున్నాయి."

ఆయన ఇటుకల వైపు మొదటిసారి చూసినట్టు చూశాడు. "అవా? వచ్చే వారం తీయించేస్తాను. పనివాళ్లు దొరకడం లేదు. అయినా మీ గోడ మరీ పొట్టిదమ్మా, నన్నడిగితే ఓ మూరెడు లేపుకోండి. కావాలంటే నేనే కట్టిస్తాను, మన పక్కిల్లే కాబట్టి రేటు చూసి వేస్తాను."

విన్నారా! కుక్కలు ఆయనవి, ఇటుకలు ఆయనవి, గోడ కట్టించుకోవాల్సింది నేను! ఇంటికొచ్చి మా ఆయన మీద పడ్డాను. బస్సు నడిపి అలిసిపోయి వచ్చిన మనిషి, ఎప్పటిలాగే, "పోనీలే, ఇరుగూ పొరుగూ కదా, సర్దుకుపోదాం," అన్నారు. సర్దుకుని సర్దుకుని ఇక సర్దుకోవడానికి జాగా ఎక్కడుంది?

అప్పటినుంచి నేనే యుద్ధం ప్రకటించాను. చీపురు తీసుకుని తరిమాను. అవి నాతో పాటు వాకిలంతా పరిగెత్తాయి. బకెట్టెడు నీళ్లు కుమ్మరించాను. చిన్నది ఆ నీళ్లలో పొర్లింది. గొంతు చించుకుని అరిచాను. అవీ శ్రుతి కలిపాయి. చెప్పుల సంగతి ముందే చెప్పాను. ఓ రోజు నేను విసిరిన మా ఆయన బూటు గోడ అవతలికి వెళ్లిపోయింది. నేను ఆయాసంతో మెట్టు మీద కూర్చుంటే, లోపల్నుంచి కిలకిలమని నవ్వు వినిపించింది. తిరిగి చూస్తే అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉంది.

"మీరు నవ్వుతున్నారా అత్తయ్యా? నా ప్రాణం ఇక్కడ పోతుంటేనూ!"

"నవ్వక ఏం చెయ్యనే? వాటితో ఎంచక్కా ఆడుకుంటూ, తరుముతున్నాననుకుంటున్నావు. పరిగెత్తుతున్నావు, అరుస్తున్నావు, వస్తువులు విసురుతున్నావు. వాటికింకేం కావాలి? కొత్తగా చేరిన టీచర్లు ఇలాగే అరిచేవాళ్లు. పిల్లలకి పండగే పండగ."

"మరి మీరైతే ఏం చేసేవారేంటి?"

ఆవిడ కుక్కల వైపే చూస్తోంది. తర్వాత మెల్లగా అంది, "నా ఈల ఎక్కడుందో వెతుకు."

ఈల నా గుండీల డబ్బా అడుగున దొరికింది. మర్నాడు బంగారాలు గోడ మీద ప్రత్యక్షం కాగానే అత్తయ్య కిటికీలోంచి ఊదింది. కుక్కలు రెండూ చెవులు రిక్కించి ఆగాయి. ఆగి, అటూ ఇటూ చూసి, మనిషెవరూ కనపడక మళ్లీ దూకాయి.

"కూర్చుని ఊదితే ఎవడు లెక్కచేస్తాడు?" అని అత్తయ్య తనని తనే విసుక్కుంది. "డ్రిల్లు టీచరు నిలబడాలి. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు."

నేను చెయ్యిచ్చాను. నోరు మాత్రం ఎత్తలేదు. నోరు మూసుకోవడం నాకు పుట్టుకతో రాని విద్య, ఆ క్షణానికి ఎలా వచ్చిందో తెలీదు. నడవండి అంటే చాలు, మళ్లీ గోడ వైపు తిరుగుతుందని భయం.

ఆ రోజు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. తర్వాత గడప దగ్గర. ఆ తర్వాత వాకర్ పక్కన పెట్టి, చేతికర్రతో మెట్టు దిగింది. కుక్కలు మీద పడబోతే మొహం తిప్పుకుని స్తంభంలా నిలబడేది, ఒక్క మాట మాట్లాడేది కాదు. నేను వెనకే నిలబడి, పడితే పట్టుకుందామని కాచుకుని, పైకి మాత్రం ఏమీ పట్టనట్టు దారం చుట్టుకునేదాన్ని. మీద దూకితే ఎవరూ పలకకపోయేసరికి కుక్కలకి విసుగొచ్చి కింద కూర్చునేవి. కూర్చోగానే ఓ ఈల, ఓ రొట్టె ముక్క, "శెభాష్" అని ఓ మాట. అంతే ఆవిడ పాఠం. అలవాటు కొద్దీ నేనోసారి చెప్పు అందుకుంటే ఉరిమి చూసింది.

"అది విసిరావంటే ముందు నిన్ను గేటు బయట నిలబెడతాను."

పెద్దది తొందరగా నేర్చుకుంది. చిన్నది మొద్దు. "వెనక బెంచీ," అని అత్తయ్య దాన్నే ఎక్కువ ముద్దు చేసేది. పాఠం చెప్పాలంటే ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్లాలిగా? రోజూ ఇంకాస్త దూరం వెళ్లేది. మా ఆయనకి నేను చెప్పలేదు. చెబితే ఆ ఆనందంలో వెళ్లి అత్తయ్యతో అనేస్తారు, అంటే ఆవిడ బిగుసుకుంటుంది. ఎటొచ్చీ గేటు దాకా మాత్రం ఒక్కరోజూ వెళ్లలేదు. సగం బాట దాటాక ఆ మొదటిరోజు కూలబడ్డ చోటు వస్తుంది. అక్కడ ఆగిపోయి వెనక్కి తిరిగేది.

ఓ పొద్దున్న కాంట్రాక్టర్ చేతిలో గొలుసులు పట్టుకుని వీధిలోకొచ్చాడు. కుక్కలకి సూదిమందు వేయించడానికి తీసుకెళ్లాలట. "బంగారాలూ!" అని పిలిచాడు. జవాబు లేదు. "బంగారాలూ, రండమ్మా!" ఆ బంగారాలు రెండూ మా వాకిట్లో, మెట్టు ముందు, బుద్ధిగా పక్కపక్కన కూర్చుని అత్తయ్య కోసం చూస్తున్నాయి. ఆయన మా గేటు దగ్గరికొచ్చి, చప్పట్లు కొట్టి, చిటికెలు వేసి, బిస్కెట్ చూపించాడు. పెద్దది ఒకసారి తలతిప్పి చూసి, మళ్లీ మా గుమ్మం వైపు తిరిగింది.

"ఏంటిది? నా కుక్కల్ని మచ్చిక చేసి లాగేసుకున్నారా?" ఆయన గొంతు లేచింది. "ఇది దొంగతనం! పట్టపగలు దొంగతనం!"

ఎదురింటి నర్సమ్మ డ్యూటీ బట్టల్లోనే బయటికొచ్చింది. ఇస్త్రీ బండి అతను పెట్టె పక్కన పెట్టి మరీ వచ్చాడు. నాకు ఒళ్లు భగ్గుమంది.

"దొంగతనమా? మీ ఇటుకల మెట్లెక్కి అవే వస్తుంటే! దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు..."

"నువ్వాగు," అంది వెనక నుంచి అత్తయ్య.

మెట్టు దిగింది. దిగి, "ఇది పట్టుకో, నాకు చెయ్యి ఖాళీగా ఉండాలి," అని ఏదో నా చేతిలో కుక్కింది. ఈల నోట పెట్టి ఊదింది. కుక్కలు రెండూ లేచి ఆవిడకి చెరో పక్కా నిలబడ్డాయి. గేటు బయట కాంట్రాక్టర్ మడమలు రెండూ వాటంతటవే దగ్గరికొచ్చాయి. ఏ బడిలో చదువుకున్నాడో గానీ, వీపు కూడా నిటారైంది.

అత్తయ్య బాట మీద నడవడం మొదలుపెట్టింది. పసుపుది కుడివైపు, నల్లది ఎడమవైపు. ఆ కూలబడ్డ చోటు వచ్చింది. ఆవిడ ఆ చోటు కేసి చూడనైనా చూడలేదు, కాంట్రాక్టర్ మొహం మీదే చూపు పెట్టి దాటేసింది.

"గేటు తియ్యి నాయనా."

ఆయన గబగబా తీశాడు. అత్తయ్య గేటు దాటింది. వీధిలోకి నడిచింది. పక్కింటి గుమ్మం ముందు దాకా వెళ్లి ఆగి, మళ్లీ ఈల ఊదితే కుక్కలు టక్కున కూర్చున్నాయి. చిన్నది కూడా! నర్సమ్మ చప్పట్లు కొట్టేసింది.

"ఇవిగో నీ కుక్కలు. లెక్క చూసుకో," అంది అత్తయ్య. "ఇవి మంచివే. చెడ్డ అలవాటు వీటికి కాదు, నీకు. ఇటుకలు ఎప్పుడు తీయిస్తావు?"

"వచ్చే వారం అమ్మగారూ, పనివాళ్లు..."

వీధి అదిరేలా ఈల మోగింది. కాంట్రాక్టర్ ఉలిక్కిపడ్డాడు.

"నీకు చేతులున్నాయిగా?"

ఇస్త్రీ బండి అతను పకపకా నవ్వాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు సార్! ముందు మీ గోడ కానియ్యండి!"

కాంట్రాక్టర్ ఎర్రబడ్డ మొహంతో నవ్వబోయి, నవ్వు రాక, చొక్కా చేతులు పైకి మడిచాడు. కుక్కల సూదిమందు మధ్యాహ్నానికి వాయిదా పడింది. ఇటుకలన్నీ తనే మోశాడు. మర్నాడు మేస్త్రీని పిలిపించి, ఆ ఇటుకలతోనే, తన ఖర్చుతోనే, ఆ గోడని మూరెడు లేపించాడు. మా చెప్పులు కూడా గోనెసంచిలో వేసి పంపించాడు. సగం నమిలేసినవే అనుకోండి.

కానీ అసలు సంగతి అది కాదు. ఆ పొద్దున్న ఇటుకల మోత చూస్తూ, కడుపుబ్బా నవ్వుతూ నేను గేటు దగ్గర నిలబడి ఉంటే, రాత్రి డ్యూటీ దిగిన మా ఆయన వచ్చారు. తల్లి వీధిలో నిలబడి "వరసలో పెట్టు, వరసలో!" అని కాంట్రాక్టర్‌కి చెబుతుంటే, నోరు తెరుచుకుని చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మ కర్ర నీ దగ్గరుందేంటే?"

చూసుకున్నాను. నా చేతిలో ఉన్నది కర్రే. మెట్టు దగ్గర ఇచ్చినప్పట్నుంచీ అక్కడే ఉంది. ఆవిడ అంత దూరం వట్టి చేతులతో, తన కాళ్ల మీదే నడిచి వెళ్లింది. నా కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారిపోయాయి.

అత్తయ్య వెనక్కి తిరిగి మా ఇద్దర్నీ చూసింది. నా చేతిలో కర్రనీ చూసింది.

"ఏడుస్తూ నిలబడతావేమే? తీసుకెళ్లి ఆ విరిగిన గులాబీ మొక్కకి ఊతంగా పాతు. దానికి కావాలి."