అక్తరున్నీసా దవడ పన్ను

విజయవాడ వన్ టౌన్‌లో అలీ పళ్లు పీకడం మానేసి ఏడేళ్లయింది. అంతకుముందు నలభై ఏళ్లు మార్కెట్ మలుపులో గొడుగు కింద పీట వేసుకుని కూర్చునేవాడు. హమాలీలు, తోపుడుబండ్ల వాళ్లు, మైలవరం నుంచి మామిడికాయల లోడుతో వచ్చిన రైతులు పన్ను సలిపితే ఆయన దగ్గరికే వచ్చేవారు. పనిముట్లు తాతల నాటివి. నాలుగు పటకార్లు, చిగురు వదులు చేసే సన్నని ఉలి, అడ్డపిడితో, చివర కొక్కెంతో తాళంచెవిలా ఉండేది ఒకటి. దాంతో తాత పంటిని మెలితిప్పి లాగేవాడట.

ప్రభుత్వం వాళ్లు ఒప్పుకోవడం లేదని, అందుకే మానేశానని అందరికీ చెప్పేవాడు. అది నిజం కాదు.

ఆయన మానేసిన ఏడాది, రంజాన్‌కు ముందు భార్య అక్తరున్నీసా దవడ పన్ను కదిలింది.

"ఊళ్లోవాళ్లందరికీ పీకుతారు, నాకు మాత్రం తీరిక లేదా అండీ?" అని నవ్వింది.

అలీ ఆమెను వాకిట్లో కూర్చోబెట్టి, పటకారు మరిగే నీళ్లలో ముంచి, ఒక్క ఊపులో తీసేశాడు. పన్ను తేలిగ్గా వచ్చింది. మరీ తేలిగ్గా.

గాయం మానలేదు. మూడు వారాలకు అక్కడ మాంసం పొంగింది. స్కూల్లో టీచరుగా పనిచేసే కూతురు సిద్రా తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లింది. దవడలో క్యాన్సర్ అన్నారు.

"మీరు పీకినందువల్ల రాలేదు. ముందే ఉంది, అందుకే పన్ను కదిలింది" అన్నాడు డాక్టరు.

ఆమె ఐదు నెలలు బతికింది. చివర్లో మాట పోయి, ఏం కావాలన్నా నోటుబుక్కులో రాసి చూపేది.

మొన్న జూలైలో డెంటల్ కాలేజీ నుంచి డాక్టర్ శాంభవి వచ్చింది. పాత పనిముట్లను అద్దాల బీరువాలో పెడతామంది.

"ఇచ్చెయ్యండి అబ్బాజాన్. ఇంకా ఎన్నాళ్లు చూస్తూ కూర్చుంటారు?" అంది సిద్రా.

ఇద్దరూ కలిసి పనిముట్లు తీసుకుని కాలేజీకి వెళ్లారు. స్టూడెంట్లు చుట్టూ మూగారు. ఏంజెల్ అనే అమ్మాయి కొక్కెం పట్టుకుని "వామ్మో, దీంతో నిజంగా పీకేవాళ్లా?" అంది. అందరూ నవ్వారు.

"రెండు మాటలు చెప్పండి అలీ గారూ" అంది శాంభవి.

అలీ భార్య సంగతి చెప్పాడు. తర్వాత ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. "చిగురు మీద తెల్ల మచ్చ, పక్కన గట్టి వాపు ఉంటే నేను పన్ను ముట్టేవాణ్ణి కాదు. పెద్దాసుపత్రికి పొమ్మనేవాణ్ణి. అలా ఆరుగుర్ని పంపించా. మా ఆవిడ నోరు మాత్రం సరిగా చూళ్లేదు. ఇంట్లో మనిషే కదా అని, కదిలే పన్ను ఒక్కటే చూశా."

ఏంజెల్ చేతిలోని కొక్కెం కింద పెట్టింది.

"అందులో మీ తప్పేముంది తాతగారూ?" అంది ఏంజెల్ మెల్లగా.

"ఏమోనమ్మా. చూసుంటే మూడు వారాల ముందే తెలిసేది. తెలిసినా బతికేదో లేదో, అదీ తెలీదు."

సిద్రా గోడ పక్కన నిలబడి అంతా వింది. తిరిగొచ్చి ఇంటి ముందు ఆటో దిగాక అడిగింది.

"ఈ సంగతి అమ్మీకి తెలుసా?"

"చెప్పలేదు."

సిద్రా తలుపు తీసి లోపలికి వెళ్లింది. మధ్యాహ్నం అన్నం వడ్డించింది కానీ, రోజూలా ఆయన ఎదురుగా కూర్చోలేదు.